బుంగ కనబడ్డప్పుడే చెప్పు బిడ్డా

బతుకమ్మ పండుగ దాటిన ఆదివారం, ఆగస్టులో హన్మకొండ నుంచి డాలస్‌కు చదువుకు వచ్చిన ఒక అబ్బాయి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా ఆవిడ వేడివేడిగా సర్వపిండి చేసి పెట్టింది. తింటున్నంతసేపూ అతను ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. "అంకుల్, ఇప్పుడు ఏది నేర్చుకుంటే ఉద్యోగం నిలబడుతుంది? ఏఐ వచ్చింది కదా, అసలు కోడింగ్ నేర్చుకోవడం దండగేనా?" ఆ రోజు తోచింది చెప్పి పంపించాను. అతను వెళ్ళాక ఆ సమాధానం నాకే సరిపోలేదు. అతనిలాగా ఈ ఏడాది దిగిన పిల్లలు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు సూటి ప్రశ్నకు సూటి జవాబు. నేను 1998లో వైటూకే పని మీద వచ్చాను. జాగా ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాంలను 2000 రాకముందే సరిచేయాలి. ఆ భాష కోబాల్, 1959లో మొదలైంది. అంటే నాకన్నా పెద్దది. అప్పటి నుంచి ఎన్నో టూల్స్ వచ్చాయి, వాటికోసం అమీర్‌పేటలో బోర్డులు లేచాయి, దిగాయి. మొదటి ఏడాది నేర్చుకున్న వాటిలో ఇవాళ్టికీ నాకు రోజూ పనికొస్తున్నవి మూడే. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు, సి భాష నేర్పిన మెమరీ లెక్క, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాష. మూడింటి పుట్టుకా 1969కీ 1974కీ మధ్యనే. 2005లో వచ్చిన, కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే గిట్‌ను వాటి పక్కన కలుపుకో. ముఖ్యంగా ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకో. ఏ కంపెనీకి వెళ్ళినా డేటా ఉంటుంది, దాన్ని సరిగ్గా అడగడం వచ్చినవాడికి పని ఉంటుంది. ఈ మాట ఇంతటితో చాలు, ఎందుకంటే ఉద్యోగం నిలబెట్టేది ఇదొక్కటే కాదు.

మాది నర్సంపేట వైపు పల్లె. మా చిన్నప్పుడు చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఎవరి పొలానికి ఎంత నీళ్ళు పారాలో చూడడం అతని పని. వానాకాలంలో ఇంకో పని కూడా ఉండేది. పొద్దు గూకే ముందు కట్ట పొడుగునా నడుస్తూ వెనకవైపు తడి కనిపిస్తుందేమో చూసేవాడు. ఎండ్రకాయ చేసిన బొక్క చాలు, నీళ్ళు దారి చేసుకోవడానికి. ఒక రాత్రి అతను వీధివీధికీ వచ్చి కట్టకు బుంగ, అంటే నీళ్ళు కారే బొక్క, పడ్డదని అరిచాడు. మా నాయనతో సహా ఊళ్ళో మగవాళ్ళంతా పారలు, గంపలు, ఇసుక సంచులు పట్టుకుని ఉరికారు. తెల్లారేసరికి పూడ్చారు. ఆ బుంగ ఎందుకు పడిందని, నువ్వు నిన్న సరిగ్గా చూశావా అని ఆ రాత్రి ఒక్కరు కూడా అతన్ని అడగలేదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. దాని విలువ తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

2001 చలికాలం. మిడ్‌వెస్ట్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. గడువు దాటిన పాత రికార్డులను తీసేసే చిన్న ప్రోగ్రాం నడపాలి. షరతులో తేదీ తప్పు రాశాను. పదకొండు గంటలకు లెక్క చూసుకుంటే పోవాల్సిన వాటికన్నా ఎన్నో రెట్లు పోయాయి. చేతులు చల్లబడ్డాయి. వీసా గుర్తొచ్చింది, ఇంటి దగ్గర చెల్లె పెళ్ళికి చేసిన అప్పు గుర్తొచ్చింది. మేనేజర్ ఇంటి నంబరు గోడ మీద అంటించి ఉంది. ఫోన్ చేయలేదు. ఎవరికీ తెలియకుండా తెల్లారేలోపు నేనే సరిచేస్తానని కూర్చున్నాను. రాత్రి రెండింటికి రోజువారీ బ్యాకప్ దానంతట అదే నడిచింది. అక్కడ ముందురోజు టేపు మీదే కొత్త బ్యాకప్ రాసే పద్ధతి. నా తప్పుతో ఉన్న డేటా మంచి డేటా మీద కూర్చుంది. మిగిలింది వారం కిందటి టేపు ఒక్కటే. ఆ వారం డేటాను కాగితాలు చూసి మళ్ళీ ఎక్కించడానికి తొమ్మిది మందికి పన్నెండు రోజులు పట్టింది. మేనేజర్ నన్ను ఉద్యోగం నుంచి తీసేయలేదు. "పదకొండింటికి ఫోన్ చేసి ఉంటే ఆ టేపు తీసి పక్కన పెట్టేవాళ్ళం" అన్నాడు. అంతే. ఆ మూడు గంటలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే నా కింద చేరిన ప్రతి కొత్తవాడికీ మొదటి రోజే ఒక మాట చెబుతాను. తప్పు చేస్తే భయపడకు, పావుగంటలో చెప్పు. మన పిల్లలకు ఇది చాలా కష్టం. మార్కులు తక్కువ వస్తే ఇంట్లో కార్డు దాచిన అలవాటు ఆఫీసుదాకా వస్తుంది. మీటింగులో "అర్థమైందా" అంటే అర్థం కాకపోయినా తల ఊపుతాం. ఇక్కడివాళ్ళు ఆ తల ఊపుడును నమ్ముతారు. రెండు వారాల తర్వాత పని కాలేదంటే, పని రాకపోవడం కంటే ఆ సంగతి చెప్పకపోవడాన్నే తప్పుగా చూస్తారు. "నాకు ఈ భాగం అర్థం కాలేదు, మళ్ళీ చెప్తారా" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో పదిసార్లు బయటికి పలికి అలవాటు చేసుకో.

చెరువు సంగతి వచ్చింది కాబట్టి మత్తడి గురించి కూడా చెబుతాను. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు ఎటు పోవాలో ముందే నిర్ణయించి కట్టిన రాతి దారి అది. మత్తడి లేని చెరువు మొదటి పెద్ద వానకే తెగుతుంది. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఏడు వందల ఏళ్ళు దాటినా ఇంకా పొలాలకు నీళ్ళిస్తున్నాయంటే, నీళ్ళు ఆపడం ఎంత తెలుసో వదలడం కూడా వాళ్ళకు అంతే తెలుసు. నేను కోడ్ రివ్యూ చేసేటప్పుడు మొదట వెతికేది మత్తడినే. అవతలి సర్వర్ జవాబు ఇవ్వకపోతే నీ ప్రోగ్రాం ఎంతసేపు ఆగుతుంది? డిస్క్ నిండితే? ఒకేసారి వెయ్యి మంది రావాల్సిన చోటికి లక్ష మంది వస్తే? వీటికి జవాబు రాయని కోడ్‌ను, అన్ని టెస్టులూ పాసైనా సరే, నేను ముందుకు పంపను.

మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. పైది తెగితే ఆ వరద కింది వాటి మీద పడుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ కూడా అట్లాగే కట్టి ఉంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల చిన్న కోడ్ ముక్కను రాసినతను వెనక్కి తీసుకుంటే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అనే లైబ్రరీలో, అంటే అందరూ తెచ్చుకుని వాడే రెడీమేడ్ కోడ్‌లో, లోపం బయటపడితే ప్రపంచమంతా సెలవులు మానుకుని సరిచేసుకుంది. ప్రోగ్రాంలో ఏం జరిగిందో లాగ్ రాసిపెట్టే మామూలు లైబ్రరీ అది, నిలబెడుతున్నది కొద్దిమంది వాలంటీర్లు. ఒక్క ఆదేశంతో ఎవరిదో లైబ్రరీని నీ ప్రాజెక్టులోకి దించుకునే ముందు, నీ పైన ఏ చెరువు ఉంది, దాని కట్ట ఎవరు చూస్తున్నారు అని ఒక్కసారి చూసుకో.

ఇక ఏఐ. నేను రోజూ వాడుతున్నాను, నువ్వు కూడా వాడు. విసుగు పుట్టించే పని చాలా తగ్గింది. కానీ అది రాసిచ్చిన దాన్ని లైను లైనుగా ఎదుటివాడికి వివరించలేకపోతే నీ పేరు మీద పంపకు. ఆ కోడ్ రాత్రి మూడింటికి పడిపోతే ఫోన్ వచ్చేది నీకు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి. కొత్త పిల్లలు ఎర్రర్ మెసేజ్ చదవడం మానేశారు. కనబడగానే కాపీ చేసి ఏఐకి ఇస్తున్నారు. నువ్వు ముందు చదువు. అందులో ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. పది నిమిషాలు నువ్వే ఆలోచించు, ఏం జరిగి ఉంటుందో కాగితం మీద రాసుకో, ఆ తర్వాత అడుగు. రెండేళ్ళు ఇట్లా చేస్తే తడి ఎక్కడుందో నీ కంటికే ఆనుతుంది.

ఇప్పుడు ఉద్యోగానికి బయట ఉన్న బుంగల సంగతి. కొన్ని కన్సల్టెన్సీలు నిన్న చదువు అయిన పిల్లాడి రెజ్యూమేలో ఆరేళ్ళ అనుభవం రాస్తాయి, ఇంటర్వ్యూలో వేరొకడు మాట్లాడతాడు. అందరూ చేస్తున్నారు కదా అంటారు. చేయకు బిడ్డా. అబద్ధం చెప్పి ఇమిగ్రేషన్ ప్రయోజనం పొందారని తేలితే ఈ దేశంలోకి మళ్ళీ ఎప్పటికీ రానీయకుండా చేసే చట్టం ఉంది. పట్టుబడకపోయినా ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడిలా నటిస్తూ మొదటి ఆరు నెలలు గడపాలి. ఆ నటనలో "నాకు తెలియదు" అనే అవకాశం పోతుంది, పని నేర్చుకునే దారే మూసుకుపోతుంది.

హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నప్పుడు ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపకూడదు. ఆ రోజులకూ యజమాని జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌కు డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు వెసులుబాటు ఉంటుంది, ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకన్నా ముందే అయిపోతే అంతవరకే. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు, సైన్స్, టెక్నాలజీ చదువులకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. ఈ లెక్క మొదటి రోజు నుంచే రాసుకో. అరవయ్యో రోజు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు తలుపు కొడితే వాళ్ళు చేయగలిగింది ఏమీ ఉండదు, ఐదో రోజు వెళ్తే చాలా ఉంటుంది.

ఇంటికి కూడా చెప్పు. పొలం కుదువబెట్టి లోన్ తెచ్చిన నాన్నకు ఉద్యోగం రాలేదని ఎట్లా చెప్పాలి అని నెలల తరబడి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడే పిల్లలను చూశాను. ఆ నాన్నలు వరుసగా రెండేళ్ళు పత్తి పోయినా నిలబడ్డవాళ్ళు, మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్లో రాత్రిళ్ళు పడుకున్నవాళ్ళు. వాళ్ళు నీ మాట మోయగలరు. మనసు మరీ భారమైతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, ఏ ఫోన్ నుంచైనా 988కి చేయి. పగలూ రాత్రీ ఎత్తుతారు. మా ఇంటికి రా, ముందు చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

పేరు గురించి ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒక్కచోటే ఉంటే, వీసాలో ఆ మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, నీ పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని అర్థం. తర్వాత బ్యాంకు, లైసెన్సు, యూనివర్సిటీ అన్నింటిలోనూ ఆ మూడక్షరాలు వెంటాడతాయి. ఇంకా రాని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే పాస్‌పోర్టు అక్కడే సరిచేయించుకుని రమ్మని చెప్పు. ఎక్కడో ఎవరో మనిషికి రెండు గడులు చాలనుకుని రాసిన ఫారం అది. మన ఊళ్ళో పేర్లు ఎట్లా ఉంటాయో అతనికి చెప్పినవాళ్ళు లేరు.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూల్చింది. జ, పొల్లు, ఞ, ఆ పక్కన కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు, తర్వాత దీర్ఘం. ఆ వరుసను తెర మీద గీయడం ఐఫోన్‌కు చేతకాలేదు. అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అప్పుడు మా ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ నాకు మెసేజ్ రాసేది ఆ అక్షరాలతోనే. నువ్వు ఏ కంపెనీలో చేరినా, పేరు రాసే గడి కనబడితే అందులో తెలుగు పేరొకటి ఒత్తులతో సహా కొట్టి చూడు. పగిలితే బగ్ రాయి. మన అక్షరం తెలిసినవాడు ఆ గదిలో నువ్వొక్కడివే అయి ఉండవచ్చు.

చివరగా గడియారం. మొదటి ఏడాది మా ఇంట్లో ఫోన్ లేదు. ఆదివారం సాయంత్రం ఏడింటికి అమ్మ పక్కింటికి వెళ్ళి కూర్చునేది, ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు నేను చేసేవాణ్ణి. చలికాలం వస్తే ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారని నాకు తెలుసు. అమ్మకు చెప్పాలన్న ఆలోచన రాలేదు. ఆ ఆదివారం ఆమె వాళ్ళ అరుగు మీద గంటసేపు, కొడుకుకు ఏమైందో అని కూర్చుంది. అప్పట్లో ఆ మార్పు అక్టోబరు చివరి ఆదివారం ఉండేది, 2007లో నవంబరు మొదటి ఆదివారానికి మార్చారు. ఆ ఏడాది వందల ప్రోగ్రాంలలో ఆ తేదీ సరిచేశాను. ఈ నవంబరు మొదటి ఆదివారం దగ్గరపడుతోంది. నీ ఏడు గంటల ఫోన్ ఇక నుంచి ఎనిమిదింటికి వస్తుందని అమ్మకు ఈ రాత్రే చెప్పు.