హెచ్చరిక అంటే బెదిరింపు కాదమ్మా

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ప్రార్థన చేస్తుంటే గోడకి చెప్పుకున్నట్టుంది పెద్దమ్మా, నాలో విశ్వాసం చచ్చిపోయిందేమో" అని రాశావు. చచ్చిపోతే ఈ దిగులెక్కడిదే నీకు? మార్కు 9లో బిడ్డ జబ్బుతో నలిగిపోయిన ఆ తండ్రి "నమ్ముచున్నాను" అని కేకవేస్తూనే, తన అపనమ్మకానికి సహాయం చేయమని ప్రభువునే అడిగాడు. ముందు నమ్మకం సరిచేసుకుని రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. బిడ్డను బాగుచేశాడు.

అన్నిటికన్నా ముందు ఒక మాట అడుగుతాను, నవ్వకు. సరిగ్గా నిద్రపోతున్నావా? 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి తట్టి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ, అక్కడ దేవుడు మాట్లాడిన ఆ మెల్లని స్వరం, అవన్నీ తరవాత. నేను ఆత్మీయ సమస్య అనుకున్నవాటిలో సగం వట్టి అలసటే. అలా కాక వారాల తరబడి దేనిమీదా మనసు నిలవకపోతే డాక్టరుకి చూపించుకో. దానికీ విశ్వాసానికీ పోటీ లేదు.

ఇక రోజూ గంటసేపు వాక్యధ్యానం అని పెట్టుకున్నావట. పసిపిల్లతో, ఉద్యోగంతో అది కుదరదు. కుదరనిదాన్ని నెత్తిన పెట్టుకుని కుదరలేదని ఏడవడం భక్తి కాదు. నిర్గమకాండం 16లో, ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నాని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నారు కదా, రేపటికని దాచినదానికి పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి మాత్రం ముందురోజే రెండింతలు. నువ్వూ అంతే, ఆ రోజుకి ఒక వచనం ఏరుకో. నేను గిన్నెలు కడిగేచోట గోడకి ఒక కాగితం అంటిస్తాను. నీళ్లు చింది అక్షరాలు చెదిరిపోయేసరికి ఆ వచనం నోటికొచ్చేస్తుంది. అప్పుడు ఇంకోటి రాసి పెడతాను. ఈమధ్య కాగితం త్వరగా తడుస్తోంది, వచనమే ఆలస్యంగా వస్తోంది. వయసు!

మాటలు రాని రోజున కీర్తనలు తీసి అందులోవాళ్ల మాటలు అప్పు తెచ్చుకో. స్తుతి కీర్తనే వెతకనక్కర్లేదు. 88వ కీర్తన చదివావా? మిగతా మొరల్లో చాలావాటికి చివరకొచ్చేసరికి కాస్త వెలుతురు కనిపిస్తుంది. ఇది మాత్రం "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అయినా 150 కీర్తనల్లో దానికీ చోటిచ్చారు. పైగా ఆ చీకట్లో ఉన్న మనిషి కూడా "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచే మొదలుపెట్టాడు. నీ గోడ ముందు నువ్వు చేస్తున్నది ఇదే తల్లీ.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. మన బైబిల్లో బర్నబా అన్న పేరుకి "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం రాశారు. బయట హెచ్చరిక అంటే 'జాగ్రత్త!' అని బోర్డు మీద రాసేది. బైబిల్లో ఆ మాటకి అర్థం ఆదరించి, ధైర్యం చెప్పి, లేపి నిలబెట్టడం. విశ్వాసుల్ని హింసించి మారిన సౌలంటే, అంటే తరవాత పౌలు అయినవాడంటే, హడలిపోయి శిష్యులు దగ్గరికి రానివ్వకపోతే, వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది బర్నబాయే. సువార్త ప్రయాణం మధ్యలో వదిలేసి వెళ్లిన మార్కుని పౌలు మళ్లీ వద్దంటే, బర్నబా అతణ్ణి తీసుకుని కుప్ర ద్వీపానికి ఓడెక్కాడు. ఏళ్ల తరవాత అదే పౌలు, మార్కుని తీసుకురమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా సంఘంలో ఒకావిడకి నిండు నెలల బిడ్డ పోయింది. చూడ్డానికి వెళ్లి, గడపలో నిలబడే "అంతా దేవుని చిత్తం" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. అటు తిరిగి, ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. బిడ్డ కోసం కుట్టించిన చిన్న చొక్కా ఒకటి వాటిలో ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. ఆ రాత్రి నాకు నిద్రలేదు. వారం తరవాత మళ్లీ వెళ్లి, నోరు మూసుకుని పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టాను. చాలాసేపటికి ఆవిడే "ప్రార్థన చేస్తావా అక్కా" అంది. నాకూ ఆ రోజుల్లో ప్రార్థన గోడకి చెప్పుకున్నట్టే ఉండేది. ఆవిడ చెయ్యి పట్టుకుని చేసినప్పుడు అలా అనిపించలేదు.

అందుకే, ఆరాధన అయిపోగానే ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతున్నానని రాశావే, అది మానెయ్. వచ్చే ఆదివారం ఓ పది నిమిషాలు ఆగు. వెనక వరుసలో ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చుని ఉంటారు. వెళ్లి పేరు అడుగు. ఎవరో, ఏం మాట్లాడారో నాకు రాయి.

మీ పెద్దమ్మ