శ్రమదానంతో ఇల్లు: ఏ పని మీరు చేయాలి, ఏది మేస్త్రికి వదలాలి?

ప్రశ్న: మాది గుంటూరులో ఓ డిగ్రీ కాలేజీ. ఊరి చివర కాలనీలో ఒంటరిగా ఉంటున్న ఒకావిడకు పక్కా ఇల్లు కట్టిద్దామని మా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ముప్పైమంది ఉత్సాహపడుతున్నారు. ఆదివారాలు వస్తారు. సెంటు స్థలం, 15 అడుగులు బై 20 అడుగుల ఇల్లు. మాలో ఎవరికీ తాపీ పట్టడం రాదు. మేస్త్రి లేకుండా లాగించగలమా?
– ఒక అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: లాగించలేరండీ. మంచి తాపీ మేస్త్రిని, ఆయనకు అలవాటైన కూలీని డబ్బులిచ్చి పెట్టుకోండి. కడ్డీలు కట్టేవాళ్ళను, సెంట్రింగ్‌వాళ్ళను, కరెంటు పనివాళ్ళను కూడా అంతే. కొత్త చేతులు కట్టిన వరసను మర్నాడు విప్పి కట్టాల్సి వస్తే ఇటుకలూ పోతాయి, కూలీ రెండుసార్లు పడుతుంది. మీ పిల్లల వల్ల నిజంగా మిగిలేది మోత ఖర్చు. ఇసుక జల్లించడం, ఇటుకలు అందించడం, బేస్‌మెంటు నింపడం, రంగులు వేయడం వాళ్ళు చేసుకోవచ్చు. వీటన్నిటికన్నా పెద్ద పని నీళ్ళు కొట్టడం.

శ్రమదానం ఇళ్ళు ఎక్కువగా చెడేది అక్కడే. ఆదివారం నాలుగడుగుల గోడ లేస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా దాని మొహం చూసేవాళ్ళుండరు. మన ఎండలకు మాలులో నీరు ఇగిరిపోయి సిమెంటు గట్టిపడకముందే ఎండిపోతుంది. నెల తర్వాత అతుకుల్ని మేకుతో గీకితే పొడి రాలుతుంది. బస్తా మీద ఓపీసీ అని ఉంటే కనీసం 7 రోజులు, పీపీసీ అని ఉంటే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. వేసవిలో 14 రోజులు పెట్టుకోండి. కాబట్టి ముప్పైమందినీ ఒకేసారి దించకండి. అంత చిన్న జాగాలో పదిమంది దాటితే ఒకరి కాలికి ఒకరు అడ్డం. ఆదివారం పదిమంది చాలు, మిగతావాళ్ళను ఇద్దరిద్దరి చొప్పున వారమంతా ఉదయం, సాయంత్రం నీళ్ళకు వంతులు వేయండి. ఎవరు కొట్టారో సంతకం పెట్టే పుస్తకం ఒకటి ఆ ఇంట్లోనే ఉంచండి. ఫొటోలకు నవ్వే పని కాదు గనక దీనికి మనుషులు జారుకుంటారు.

సామాను లెక్క: తొమ్మిదంగుళాల గోడ నూరు చదరపు అడుగులకు 230×110×75 మి.మీ. ఫ్లైయాష్ ఇటుకలు సుమారు 870 పడతాయి. విరిగేవాటితో కలిపి 900 తెప్పించండి. మాలులో సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్ళయితే సిమెంటు రెండున్నర నుంచి మూడు బస్తాలు, ఇసుక 20 ఘనపుటడుగులు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు ఒకటికి నాలుగు కలపాలి. ఏ గోడనైనా ఒక్క రోజులో ఐదడుగులు దాటించవద్దు, కింది వరసల మాలు పచ్చిగా ఉండగానే పైబరువు పడి గోడ తూకం తప్పుతుంది.

ముప్పైమందీ కావలసింది స్లాబు రోజున. 300 చదరపు అడుగులు, ఐదంగుళాల మందం అంటే 125 ఘనపుటడుగుల కాంక్రీటు. 1:1½:3 పాళ్ళలో సిమెంటు 29 బస్తాలు, ఇసుక 52, కంకర 105 ఘనపుటడుగులు. తెల్లవారుజామున మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా ఆ రోజే ముగించాలి. అన్నాలకని రెండు గంటలు ఆపితే పాత మాలుకు, కొత్త మాలుకు మధ్య అతుకు పడి వానాకాలం అక్కడే కారుతుంది. వంతులవారీగా తినండి. బస్తాకు 35 లీటర్ల కొలత పెట్టెతో ఇసుక ఒకటిన్నర పెట్టెలు, కంకర మూడు. తట్టలతో లెక్క పెడితే పదో బస్తాకే పాళ్ళు మారిపోతాయి.

నీళ్ళ దగ్గర నమ్మకమైన మనిషిని నిలబెట్టండి. ఈ కాంక్రీటుకు బస్తాకు 30 లీటర్లు పైహద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మధ్యాహ్నమయ్యేసరికి పైన సర్దేవాళ్ళ చేతులు నొప్పెట్టి, “ఇంకో మగ్గు పొయ్యి బాబూ, జారట్లేదు” అంటారు. ఆ మగ్గు పడకూడదు. పలచనైన మాలు సులువుగా పరుచుకుంటుంది గానీ, ఎక్కువైన నీరు ఆవిరయ్యాక లోపల సన్నటి ఖాళీలు మిగిలి స్లాబు బలం పోతుంది. కలిపిన మాలు అరగంటలో స్లాబు మీద పడిపోవాలి.

స్లాబుకు ముందు ఆదివారం పిల్లలకు మంచి పని ఉంది, కడ్డీల కింద పెట్టే చిన్న సిమెంటు దిమ్మలు, అంటే 20 మి.మీ. కవర్ బ్లాకులు పోయించండి. అవి లేకపోతే కడ్డీల కింద కంకర రాళ్ళు దూరుస్తారు. తొక్కుళ్ళకు రాయి పక్కకు జారి, కడ్డీ సెంట్రింగ్ రేకుకు ఆనుతుంది. కొన్నేళ్ళకు తుప్పుపట్టి సీలింగ్ పెచ్చులూడేది ఆ చోటే. స్లాబు గట్టిపడగానే తడి గోనెపట్టాలు కప్పి, మర్నాడు మళ్ళు కట్టి నీళ్ళు నిలపండి. ఇంత చిన్న స్లాబైనా కర్రలు 14 రోజులు కదపవద్దు. సెంట్రింగ్‌వాళ్ళు అద్దె కోసం తొందరపెడతారు, బేరం అప్పుడే 14 రోజులకు మాట్లాడుకోండి.

ప్రశ్న: మాది రేగడి నేల. పక్కవాళ్ళ ఇళ్ళకు ఏటా వేసవిలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తున్నాయి. మా డ్వాక్రా సంఘం తరఫున రెండు ఇళ్ళు కట్టాలనుకుంటున్నాం. పునాది మూడడుగులు తీస్తే చాలదా?
– ఒక పాఠకురాలు, ప్రత్తిపాడు

జవాబు: చాలదమ్మా. రేగడి మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోయి నెరలిస్తుంది. ఇంటి మధ్య మన్ను నీడలో తడిగానే ఉండి, అంచుల మన్ను ఎండటంతో పునాది ఒకవైపు కుంగుతుంది. గోడలో బలం తక్కువైన చోటు కిటికీ మూల కాబట్టి పగులు అక్కడ కనిపిస్తుంది. దానికి సిమెంటు పూయడం దండగ, మరుసటి ఏడు మళ్ళీ విచ్చుకుంటుంది.

ముందు మట్టి ఎంత ఉబ్బుతుందో చూడండి. ఎండబెట్టి సన్నగా జల్లించిన మన్ను పదేసి గ్రాములు రెండు కొలత గొట్టాల్లో వేసి, ఒకదానిలో నీళ్ళు, ఇంకోదానిలో కిరసనాయిలు 100 మి.లీ. గీత దాకా పోసి, బాగా కలిపి 24 గంటలు ఉంచండి. కిరసనాయిల్లో మన్ను ఉబ్బదు. అందులో 10 దగ్గర, నీళ్ళలో 16 దగ్గర నిలిస్తే ఉబ్బు 60 శాతం. 50 దాటితే మామూలు పునాది మాట మర్చిపోండి. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పద్ధతిగా చేయించి, అండర్ రీమ్డ్ పైల్ పునాదికి ఇంజినీరు చేత డ్రాయింగ్ వేయించుకోండి. నిట్టనిలువుగా మూడున్నర మీటర్లు తవ్వి, అడుగున గొయ్యిని రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు నింపే పైల్ అది. అంత లోతున తడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. పైల్స్ మీద వచ్చే బీముకూ నేలకూ మధ్య 80 మి.మీ. ఖాళీ వదలాలి. మేస్త్రులు అలవాటుకొద్దీ దాన్ని మట్టితో కప్పేస్తారు, అప్పుడు ఉబ్బిన మన్ను బీమునే పైకి తంతుంది.

తవ్విన రేగడిని బేస్‌మెంటులో మాత్రం పోయవద్దు. గ్రావెల్‌ను ఆరు అంగుళాల పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టండి. ఇది మీ సంఘం వాళ్ళు హాయిగా చేసుకునే పని. ఇంటి చుట్టూ వెలుపలికి వాలుగా గచ్చు చేయించి, స్నానాల నీళ్ళు గోడ పక్కన ఇంకకుండా దూరంగా పంపండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా వీధి మునిగింది. ఇప్పుడు కట్టే ఇంటి బేస్‌మెంటు ఎంత ఎత్తుండాలి?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: పక్కింటి గోడ మీద వరద మరక ఉంటుంది. నీళ్ళ ట్యూబు లెవెల్‌తో ఆ గీతను మీ స్థలంలోకి తెచ్చి, దానికి ఇంకో అడుగు కలపండి. మరక మరీ ఎత్తుగా ఉంటే సెంటు స్థలంలో అన్ని మెట్లకు జాగా ఉండదు. అప్పుడు వీలైనంత లేపి, స్విచ్‌బోర్డులు, మీటరు గీతకు పైన పెట్టించండి, మిద్దె మీదికి మెట్లు తప్పనిసరిగా కట్టండి. 300 చదరపు అడుగుల ఇంటికి ఒక్కో అడుగు ఎత్తుకు, దిమ్మిస కొడితే దిగేది కూడా కలుపుకుని, 400 ఘనపుటడుగుల గ్రావెల్ కావాలి. నూరు పట్టే ట్రక్కయితే నాలుగు.

ప్రశ్న: పనిలో వలంటీరుకు దెబ్బ తగిలితే?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: 18 ఏళ్ళు నిండనివాళ్ళను పనిలో దించవద్దు. పరంజా ఎక్కే పని మేస్త్రులదే. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి రబ్బరు చేతితొడుగులు, గమ్‌బూట్లు లేకుండా మాలు దగ్గరికి రానీయకండి, కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి వలంటీరు చేతా మొదటి ఆదివారానికి ముందే ప్రధానమంత్రి సురక్ష బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. చిన్న దెబ్బల వైద్యం ఖర్చు అందులో రాదు, దానికి విడిగా కొంత సొమ్ము పక్కన పెట్టుకోండి.