పాత యాట్‌కి కొత్త సోఫా కొనేముందు

ప్రశ్న: నమస్తే అండి. మేము 1980ల్లో తయారైన 42 అడుగుల ఫైబర్‌గ్లాస్ మోటార్ యాట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఇంజిన్లు బానే ఉన్నాయి కానీ లోపల చూస్తే ఏడుపొస్తుంది. సెలూన్‌లో ఎల్ షేపు సోఫా ఫోమ్ అంతా పొడిపొడిగా రాలుతోంది, కూర్చుంటే కింద చెక్క తగులుతుంది, ఒకటే బూజు వాసన. మావారేమో అంతా పీకేసి రెండు రిక్లైనర్లు, ఒక సోఫా కమ్ బెడ్ పడేద్దాం, ఒక్క రోజు పని అంటారు. నాకేమో ఆ టేకు పని చూస్తే పీకబుద్ధి కావట్లేదు. ఇద్దరు గెస్టులు వస్తే పడుకునేలా కూడా ఉండాలి. ఎక్కడ్నుంచి మొదలెట్టాలో చెప్పండి. - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఏ షాపుకీ వెళ్ళకండి, ఆన్‌లైన్‌లో కూడా చూడకండి. ఒక సెలవు రోజు టార్చిలైటు పట్టుకుని ఆ కుషన్లన్నీ తీసి పక్కన పడేసి, కింద ఉన్న ప్లైవుడ్ మూతలు ఒక్కోటి ఎత్తి లోపల ఏముందో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఇంట్లో సోఫా కిందైతే దుమ్ము, పోయిందనుకున్న రిమోటు ఉంటాయి. బోటులో అలా కాదు, ఏసీ యూనిట్ ఉండొచ్చు, అది గాలి వెనక్కి పీల్చుకునే జాలీ ఉండొచ్చు, వైర్ల కట్టలు, పైపులు, లైఫ్ జాకెట్లు, కింది కేబిన్‌లో అయితే నీళ్ళ ట్యాంకు, బయటి నీళ్ళు లోపలికొచ్చే వాల్వులు కూడా. అసలు అదంతా కప్పిపెట్టడానికి కట్టిన పెట్టె అది, దాని మీద కుషన్ వేసి సోఫా అంటున్నాం అంతే. పెట్టె పీకేస్తే లోపలివన్నీ ఎక్కడ పెడతారో మీవారిని నా తరఫున ఒకసారి అడగండి.

(సెలూన్ అంటే కటింగ్ షాపు కాదండోయ్, బోటులో హాలుని అలాగే అంటారు. పోయినసారి ఒకాయన అక్కడ కత్తెర ఎందుకుంటుందని అడిగారు.)

పీకడం గురించి ఇంకో మాట. మీ సెలూన్ ఇంజిన్ల పైన ఉండే రకమైతే సోఫా పెట్టెలు మామూలుగా నేలకి, పక్క గోడకి స్క్రూలతో బిగించి ఉంటాయి కాబట్టి తీయడం పెద్ద కష్టం కాదు. కింద కేబిన్లలో, హల్‌కి (బోటు అడుగు, పక్కలు కలిసిన బయటి పెంకు) ఆనుకుని ఉన్నవి మాత్రం వేరు, వాటి పలకల్ని చాలాసార్లు ఫైబర్ పట్టీలు వేసి రెజిన్‌తో హల్‌కే అతికించేస్తారు, హల్‌కి బిగువునిచ్చే వాటిలో అవి కూడా భాగమే. చెక్కే కదా అని రంపం పెట్టి కోసేస్తే తర్వాత అలల్లో హల్ అక్కడ వంగడం మొదలవుతుంది. అందుకని పలక, హల్ కలిసే మూల చూడండి, అక్కడ గుండ్రంగా ఫైబర్ పూత కనిపిస్తే బోట్లు తనిఖీ చేసే సర్వేయర్‌కి చూపించకుండా ముట్టుకోవద్దు.

అలాగే కార్పెట్ ఎత్తి చూడండి. సెలూన్ నేలలో ఇంజిన్ రూమ్ మూతలు ఉంటాయి. మీరు కొనేది ఏదైనా ఆ మూతల మీద కూర్చుందంటే ఆయిల్ చెక్ చేసిన ప్రతిసారీ సోఫా జరపాలి, నేలకి బిగించేశారంటే ఇక అంతే సంగతులు. ఈ మూతల అంచుల్ని పేపర్ మీద గీసుకోండి, మీ ప్లాన్‌లో మొదటి గీత అదే కావాలి.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మీవారికి నచ్చకపోవచ్చు. ఎల్ షేపు పెట్టెని ఉంచేయండి, ఫోమ్, గుడ్డ మార్చండి. ఎదురు పక్కన జాగా ఉంటే అక్కడ మాత్రం ఒక విడి కుర్చీయో రెండో వేసుకోండి. మీ బాధ అంతా ఫోమ్‌తోనే కానీ ఫర్నిచర్‌తో కాదు. కూర్చుంటే చెక్క తగులుతోంది అన్నారు కదా, మామూలు ఫోమ్ ఏళ్ళ తరబడి తేమలో ఉంటే అలాగే పొడి అయిపోతుంది. సీటుకి 5 అంగుళాలు వేయండి, 4 కంటే తగ్గొద్దు, డెన్సిటీ 35 నుంచి 40 ఉన్న హెచ్‌ఆర్ ఫోమ్ అడగండి (హెచ్‌ఆర్ అంటే హై రెసిలియన్స్, నొక్కి వదిలితే బాగా పైకి లేచే రకం; డెన్సిటీ అంటే క్యూబిక్ మీటర్‌కి అన్ని కిలోలు అని లెక్క). మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు, షాపులో వేలితో నొక్కి చూసి ఇదే బావుంది అనుకోవద్దు. మెత్తగా ఉంటూ డెన్సిటీ ఎక్కువున్నవి కూడా ఉంటాయి, ఎక్కువ రోజులు ఆగేది డెన్సిటీ ఉన్నదే. కవర్ కంటే ఫోమ్‌ని ఒక అర అంగుళం పెద్దగా కోయించండి, అప్పుడే గుడ్డ ముడతలు లేకుండా బిగుతుగా కూర్చుంటుంది.

బూజు వాసన ఫోమ్ మారిస్తే పోదు. ప్లైవుడ్ మీద కుషన్ నేరుగా ఆనితే కింద చెమ్మ పట్టి అక్కడే బూజు పుడుతుంది, ముఖ్యంగా రాత్రి మనుషులు పడుకున్న చోట. పాత పలకలకి పెద్ద పెద్ద చిల్లులు వేయించండి లేదా పలక తీసేసి చెక్క బద్దలు వేయించండి, మధ్యలో గాలి ఆడే జాలీ మ్యాట్ ఒకటి పరవండి. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన గుడ్డ వేసినా రెండో ఏడాదికల్లా మళ్ళీ అదే వాసన, నాకు మళ్ళీ ఉత్తరం రాస్తారు.

గుడ్డ సంగతి. కిటికీలన్నీ పెద్దవి, ఎండ నేరుగా పడుతుంది, కాబట్టి నూలు, సిల్కు లాంటివి పక్కన పెట్టేయండి. దారం తీయకముందే ముడిసరుకులోనే రంగు కలిపి తీసిన యాక్రిలిక్ గుడ్డ ఉంటుంది, ఎండకి త్వరగా వెలవదు, బోట్ల బయటి సీట్లకి కూడా అదే వాడతారు, ఈమధ్య మెత్తగా ఇంటి సోఫా గుడ్డలా ఉండేవి కూడా వస్తున్నాయి. అసలు తోలు చూడ్డానికి బావుంటుంది కానీ మూసి ఉంచిన బోటులో బూజు పడుతుంది, తడి ఒంటితో వచ్చి కూర్చునే వాళ్ళుంటే అసలొద్దు. నిప్పు త్వరగా అంటుకోని రకమా కాదా అని ఫోమ్‌కీ గుడ్డకీ రెండిటికీ అడిగి కాగితం తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఎప్పుడైనా అడిగితే పనికొస్తుంది, అడక్కపోయినా మీరు పడుకునే చోటు అది.

ఇక రిక్లైనర్లు. వద్దనను, కానీ లెక్క చూడండి. లోపల ఇనప మెకానిజం ఉన్న మూడు సీట్ల రిక్లైనర్ సోఫా 100 కిలోలు దాటేవి ఉంటాయి. అది ఒక పక్కకే పెడితే ఒకరున్నర మనిషి రాత్రీ పగలూ ఆ పక్కనే నిలబడి ఉన్నట్టు, బోటు అటు ఒరుగుతుంది. పైగా సెలూన్ నీటి మట్టానికి బాగా పైన ఉంటుంది, అక్కడ బరువు పెంచే కొద్దీ ఊగుడు పెరుగుతుంది. తీసేసిన దాని బరువు తూకం వేసి రాసుకోండి, కొత్తది అంతకు మించకుండా చూసుకోండి. వేగంగా నీటి మీదకి లేచి పరిగెత్తే హల్ అయితే ఈ లెక్క ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, ప్రతి అదనపు కిలో డీజిల్ తాగుతుంది.

రెండోది, తలుపు. తలుపు కొలవకుండా సోఫా రంగు ఎంచుకోవడం అంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఈ సామెత ఎందుకు గుర్తొచ్చిందంటే నేనే చేశాను ఆ పని, మొదట్లో. తలుపు 23 అంగుళాలు, సోఫా ఎటు తిప్పినా 29కి తక్కువ లేదు, ఒక రాత్రంతా అది జెట్టీ మీద టార్పాలిన్ కప్పుకుని పడుకుంది, తెల్లారి వెనక్కి పంపాను. తలుపే కాదు, లోపలికి అడుగు పెట్టగానే ఉండే మలుపు, మెట్లు, తల దగ్గర సీలింగ్ కూడా కొలవాలి. కొన్నిసార్లు జారుడు తలుపుని పట్టాల్లోంచి తీసేస్తే ఇంకో నాలుగైదు అంగుళాలు దొరుకుతాయి. ఎలాగైనా వీపు భాగం విడదీసి మళ్ళీ తగిలించే మోడల్ అయితే సుఖం.

కొనేముందు అదే సైజులో అట్టపెట్టెలు తెచ్చి టేపు వేసి సెలూన్‌లో పెట్టి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. రిక్లైనర్ వెనక్కి వాలినప్పటి పొడవు కూడా అట్టతో చేయండి, జనం మర్చిపోయేది అదే. రాత్రి లైట్లు ఆర్పి నడిచి చూడండి, బయటికి పోయే దారి ఎక్కడా ఇరుకవకూడదు. అట్టపెట్టె మీద కూర్చుంటే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా చూడండి. పాత సోఫాని కావాలనే కాస్త ఎత్తు పీఠం మీద కట్టి ఉంటారు, కూర్చుంటే నీళ్ళు కనపడాలని. ఇంటి కోసం చేసిన రిక్లైనర్‌లో కూర్చుంటే మీకు కనిపించేది కిటికీ కింది గోడే.

సోఫా కమ్ బెడ్ మాత్రం వద్దు. మడత మెకానిజం బరువు, తుప్పు పడుతుంది, మధ్యలో కడ్డీ నడుముకి గుచ్చుకుంటుంది. మీ ఎల్ షేపు పెట్టెలోనే బద్దలతో ముందుకి లాగే మంచం కట్టించుకోవచ్చు, ఒక వరస బద్దలు కదలకుండా, ఇంకో వరస వాటి సందుల్లోంచి దువ్వెన పళ్ళలా బయటికొస్తాయి, వీపు కుషన్ తీసి ఆ ఖాళీలో పరుస్తారు. లేదా టేబుల్ కాలు కిందికి దిగే రకం పెట్టి టేబుల్‌నే మంచం చేయొచ్చు. ఏదైనా పొడవు 6 అడుగుల 2 అంగుళాలకి తగ్గకుండా చూసుకోండి, గెస్టులు మళ్ళీ రావాలనుకుంటే.

కొత్తగా ఏ చెక్క పని చేయించినా ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు దగ్గరికి రానివ్వకండి. అవి చెమ్మ తాగి ఉబ్బుతాయి, అంచుల్లో స్క్రూ పట్టు వదిలేస్తుంది, బరువు కూడా ఎక్కువే. బీఎస్ 1088 (బ్రిటిష్ ప్రమాణం) అని ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి, కోసిన అంచులన్నీ ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్) మూయించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ 316 గ్రేడ్ అయితే మంచిది. మీ పాత టేకు రంగుకి కొత్త టేకు మొదట్లో కలవదు, ఎండ తగిలి అది మారుతుంది, అందుకని పక్కపక్కన పెట్టకుండా వేరే గోడకి వాడితే తేడా తెలీదు.

ప్రశ్న: మా బోటులో విడి డైనింగ్ టేబుల్, కుర్చీలు వేసుకుందామని. నేలకి బిగించడం తప్పదా? నేలలో చిల్లులు పెట్టాలంటే భయంగా ఉంది. - ఇంకో పాఠకుడు

జవాబు: జెట్టీకి కట్టేసి ఉంచే బోటైతే మీ ఇష్టం. కదిలే బోటులో టేబుల్ తప్పకుండా బిగించాలి. పక్కనుంచి ఇంకో బోటు అల వచ్చి తగిలితే విడి టేబుల్ నేరుగా మనిషి మీదకే వస్తుంది. కుర్చీలు మడత పెట్టేవి తీసుకుని, బయల్దేరేముందు పట్టీతో గోడకి కట్టేయండి. టేబుల్ అంచు చుట్టూ ముప్పావు అంగుళం ఎత్తు చెక్క గట్టు ఉంటే గిన్నెలు జారవు, మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే ఒరిగినప్పుడు మీ తుంటి తగిలేది ఆ మూలకే. కూర్చునే ఎత్తుకీ టేబుల్ పైభాగానికీ మధ్య దాదాపు 12 అంగుళాలు ఉంటే తినడానికి హాయి. చిల్లుల భయం న్యాయమైనదే, కొన్ని బోట్లలో డెక్, నేల లోపల బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది, అందులోకి నీళ్ళు దిగితే కుళ్ళుతుంది. చిల్లు కాస్త పెద్దగా వేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకి సరిపడా చిల్లు మళ్ళీ వేయాలి. డ్రిల్లు పెట్టే ముందు కింద ఇంధనం ట్యాంకో వైరో లేదని కిందికి దిగి కళ్ళారా చూసుకోండి, బిట్‌కి అవసరమైన లోతు దగ్గర టేపు చుట్టి ఆ టేపు దాకానే దించండి.