పరుగులో కాలి వేళ్లకు షాక్ కొట్టినట్టు నొప్పి... మారథాన్ మానుకోవాలా?

ప్రశ్న: నా వయసు 39. కొన్నేళ్లుగా పరిగెత్తుతున్నాను, హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశాను. ఇప్పుడు మొదటిసారి ఫుల్ మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. ఇంకా 10 వారాలే ఉంది. రెండు నెలల నుంచి పది కిలోమీటర్లు దాటగానే కుడి పాదంలో మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట మొదలవుతోంది. కాసేపటికి కరెంట్ షాక్ కొట్టినట్టు వేళ్ల చివరిదాకా జివ్వుమంటోంది. ఆగి, షూ విప్పి, పాదం నలుపుకుంటే తగ్గిపోతుంది. మళ్లీ పరుగు మొదలుపెడితే మళ్లీ వస్తుంది. మామూలుగా నడిచేటప్పుడు కూడా సాక్సు మడతపడి అరికాలి కింద ఇరుక్కున్నట్టు ఉంటోంది. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. షుగర్ లేదు. నరాల బలహీనత అని విటమిన్ మాత్రలు, నరాల నొప్పికి ప్రీగాబలిన్ రాశారు. మాత్ర వేసుకుని లాంగ్ రన్ చేయవచ్చా? లేక పరుగు పూర్తిగా ఆపేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినవాటిలో నాకు బాగా ఉపయోగపడిన మాట ‘షూ విప్పి నలుపుకుంటే తగ్గిపోతుంది’ అన్నది. ఒంట్లో నరాలు దెబ్బతిని వచ్చే నొప్పి అలా షూ విప్పగానే పోదు. అది సాధారణంగా రెండు పాదాల్లోనూ వేళ్ల చివర్లలో మొదలై నెమ్మదిగా పైకి పాకుతుంది, రాత్రిళ్లు ఎక్కువగా బాధపెడుతుంది. మీ నొప్పి ఒకే పాదంలో, రెండు వేళ్ల మధ్య, అదీ షూలో ఉన్నప్పుడే వస్తోంది. అంటే అక్కడ ఏదో నరాన్ని నొక్కుతోంది. దీన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు. 1876లో థామస్ మోర్టన్ అనే అమెరికన్ సర్జన్ వివరంగా రాయడంతో ఆయన పేరే స్థిరపడింది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. ఒత్తిడి వల్ల నరం చుట్టూ ఉన్న పొర మందమవుతుంది, అంతే.

పాదంలో వేళ్ల వెనక ఐదు పొడవాటి ఎముకలుంటాయి. వాటి తలలు అరికాలి ముందుభాగంలో, మనం మునివేళ్ల మీద లేచినప్పుడు బరువు పడే చోట ఉంటాయి. ఈ తలలను కలుపుతూ అడ్డంగా ఒక గట్టి పట్టీ లాంటి లిగమెంట్ ఉంది. వేళ్లకు వెళ్లే నరం దాని కింది నుంచే వెళ్లాలి. పరుగులో మడమ లేచి వేళ్లు పైకి వంగిన ప్రతిసారీ ఆ నరం సాగి లిగమెంట్ అంచుకు ఒరుసుకుంటుంది. షూ ముందుభాగం ఇరుకుగా ఉంటే పక్కల నుంచి ఎముకలు కూడా నొక్కుతాయి. 42.195 కిలోమీటర్ల పరుగులో ఒక్కో పాదం సుమారు ఇరవై వేల సార్లు నేలను తాకుతుంది. ఒరిపిడికి పొర మందమవుతుంది, మందమైనకొద్దీ ఇంకా ఇరుక్కుంటుంది. మూడు, నాలుగు వేళ్ల మధ్యే ఇది ఎక్కువగా రావడానికి చెప్పే ఒక కారణం, కొందరిలో రెండు నరాల కొమ్మలు అక్కడ కలవడం.

మరి పది కిలోమీటర్ల దాకా ఎందుకు రావడం లేదు? దూరం పెరిగేకొద్దీ పాదం వాచి వెడల్పవుతుంది. ఉదయం ఇంట్లో సరిగ్గా సరిపోయిన షూ గంట తర్వాత ఇరుకైపోతుంది.

ఉత్తరం చదివి రోగం ఖాయం చేయలేం కాబట్టి ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఒక చేత్తో పాదం ముందుభాగాన్ని రెండు పక్కల నుంచి కలిపి పట్టుకోండి. రెండో చేతి బొటనవేలితో మూడు, నాలుగు వేళ్ల మొదళ్ల మధ్య ఖాళీలో అరికాలి వైపు నుంచి నొక్కండి. మీ నొప్పి అచ్చంగా అలాగే వచ్చి వేళ్లలోకి జివ్వుమంటే, లేదా లోపల ఏదో ‘టక్’ మని జరిగినట్టు తెలిస్తే, అనుమానం బలపడినట్టే. తర్వాత పాదం పైభాగంలో ఎముకల వెంట ఒక్కో వేలితో నొక్కుతూ రండి. ఎముక మీద ఒకే చోట చురుక్కుమన్నా, అక్కడ వాపు కనిపించినా ఈ సలహా అంతా పక్కన పెట్టి పరుగు ఆ రోజే ఆపేయండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. ఎముకలో సన్నని పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. మీ ఎక్స్‌రే ఎప్పుడు తీశారో రాయలేదు. తొలి రోజుల్లో తీసినదైతే ఆ ‘నార్మల్’ మీద నమ్మకం పెట్టుకోవద్దు, మళ్లీ తీయించాలి. అవసరమైతే ఎంఆర్ఐ కూడా చేయించాలి. న్యూరోమా కోసమైతే, పాదాలు చూసిన అనుభవం ఉన్న రేడియాలజిస్టు చేసే అల్ట్రాసౌండ్ చాలావరకు సరిపోతుంది.

పరుగు తీసేవారిలో నరం నొక్కుకుపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. లేసులు బిగించి కడితే పాదం పైన నరం నలిగి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య మొద్దుబారుతుంది. చీలమండ లోపలి వైపు నొక్కుకుంటే అరికాలంతా మండుతుంది. మడమ నొప్పిగా కనిపించే నరం నొప్పి కూడా ఉంది. నడుములో నరం నొక్కుకుంటే పిరుదు నుంచి కాలి వెనకగా లాగుతూ వస్తుంది. మీ లక్షణాలు వీటిలో దేనితోనూ కలవడం లేదు.

ఇక మాత్ర వేసుకుని లాంగ్ రన్ చేయవచ్చా అన్నారు. వద్దు. ప్రీగాబలిన్ నరం మీద ఒత్తిడిని తీయదు, నొప్పి తెలియకుండా చేస్తుంది. తల తిరగడం, మత్తు దాని మామూలు దుష్ఫలితాలు. అలాగని ఒక్కసారిగా మానేయవద్దు. కొన్ని వారాలుగా వాడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడి మోతాదు తగ్గించుకుంటూ ఆపాలి. రన్‌కు ముందు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవడం ఇంకా ప్రమాదం. చెమటతో నీరు తగ్గి కిడ్నీలకు రక్తం సరిగా అందని సమయంలో ఈ మాత్రలు వాటిని దెబ్బతీస్తాయి. కడుపులో పుండ్లు, రక్తస్రావం ఎలాగూ ఉన్న భయమే.

విటమిన్ల గురించి ఒక మాట తప్పక చెప్పాలి. బి12 తక్కువైతే నరాలు దెబ్బతింటాయి. శాకాహారులు, ఏళ్ల తరబడి అసిడిటీ మాత్రలు వాడేవారు పరీక్ష చేయించుకోవడం మంచిది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), థైరాయిడ్ కూడా ఒకసారి చూడండి. కానీ బి12 సరిగ్గా ఉన్నవారికి బి-కాంప్లెక్స్ ఈ నొప్పిని తగ్గించదు. పైగా వాటిలో ఉండే బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం తీసుకుంటే అదే నరాలను పాడుచేస్తుంది. పరుగు తీసేవారు ఎనర్జీ డ్రింకులు, మెగ్నీషియం మాత్రలు, మల్టీవిటమిన్ అంటూ రకరకాలు కలిపి వాడుతుంటారు. బి6 వీటిలో చాలా వాటిలో ఉంటుంది. మీరు వాడేవన్నీ బల్ల మీద పెట్టి, లేబుళ్ల మీద పైరిడాక్సిన్ (బి6 అసలు పేరు) అని ఎన్నింటిలో ఉందో, అన్నీ కలిపి ఎంతవుతోందో చూసి మీ డాక్టర్‌కు చెప్పండి.

అసలు చికిత్స షూతో మొదలవుతుంది. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, లాంగ్ రన్ నుంచి వచ్చిన వెంటనే దాని మీద నిలబడండి. పాదం అంచులు ఇన్‌సోల్ దాటి బయటికి వస్తుంటే షూ మీకు ఇరుకే, పొడవు ఎంత సరిపోయినా సరే. వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండి, బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండేది తీసుకోండి. సాయంత్రం పూట, పరుగులో వేసుకునే సాక్సుతోనే కొలత చూసుకోండి. మందం సాక్సు కూడా లోపల చోటు తినేస్తుంది. ముందుభాగం గట్టిగా, వేళ్ల దగ్గర కాస్త పైకి ఒంపు తిరిగి ఉండే సోల్ అయితే వేళ్లు తక్కువగా వంగుతాయి, నరానికి విశ్రాంతి. పలచటి సోల్ ఉన్న మినిమల్ షూలు, చెప్పుల్లేని పరుగు ప్రస్తుతం వద్దు. ఆఫీసుకు వేసుకునే మొనదేలిన షూలు, హీల్స్ కూడా మానాలి. ఉదయం గంట పరుగుకు మంచి షూ వేసి మిగతా రోజంతా అదే నరాన్ని నలిపితే లాభం లేదు.

రెండోది మెటాటార్సల్ ప్యాడ్. కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే చిన్న మెత్త ఇది. బాగా పనిచేస్తుంది కానీ చాలామంది దీన్ని తప్పు చోట అంటించి, నొప్పి పెరిగిందని పీకి పారేస్తారు. ప్యాడ్ నొప్పి ఉన్న చోట పెట్టకూడదు, దానికి కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. అప్పుడే ఎముకల తలలు కొద్దిగా పైకి లేచి విడివడతాయి. అరికాలిలో నొప్పి పుట్టే చోట లిప్‌స్టిక్‌తో చుక్క పెట్టుకుని, సాక్సు లేకుండా షూలో పాదం పెట్టి లేచి నిలబడండి. ఇన్‌సోల్ మీద గుర్తు పడుతుంది. ప్యాడ్ ముందు అంచు ఆ గుర్తుకు కొంచెం వెనక ఉండేలా అంటించండి. మొదటి రోజు కాస్త వింతగా ఉంటుంది. ఇంట్లో గంట రెండు గంటలు నడిచి చూడండి. నొప్పి పెరిగితే ప్యాడ్‌ను ఇంకొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. అలవాటయ్యాకే పరుగులో వాడండి.

లేసులు వేళ్ల వైపు వదులుగా, చీలమండ దగ్గర మాత్రమే బిగుతుగా కట్టండి. పిక్కలు బిగుసుకుపోయి ఉంటే మడమ త్వరగా లేచి బరువంతా ముందుకు పడుతుంది కాబట్టి రోజూ పిక్కల స్ట్రెచింగ్ చేయాలి. నిమిషానికి వేసే అడుగులను 5 శాతం పెంచి అడుగు పొడవు తగ్గిస్తే ప్రతి అడుగుకు పడే భారం తగ్గుతుంది. ఎత్తు ఎక్కే పరుగులు, స్ప్రింట్లు కొన్నాళ్లు ఆపండి.

పరుగు పూర్తిగా మానాల్సిన పనైతే లేదు. కానీ ఇప్పటి నుంచి రెండు వారాలు నొప్పి మొదలయ్యే దూరానికి బాగా ముందే, అంటే ఆరేడు కిలోమీటర్లకే ఆగిపోండి. మిగతా దమ్ము ఈతలోనో, నీళ్లలో పరుగుతోనో, సైకిల్ మీదనో నిలబెట్టుకోండి. సైకిల్ తొక్కితే పెడల్‌ను పాదం మధ్యకు దగ్గరగా ఉంచండి. ముందుభాగంతో తొక్కితే అక్కడా ఇదే మంట వస్తుంది. కండరాల నొప్పిని కాస్త ఓర్చుకుని పరిగెత్తడం మీకు అలవాటై ఉంటుంది. నరం విషయంలో ఆ ఓర్పు పనికిరాదు. జివ్వుమనడం, మొద్దుబారడం మొదలైతే ఆ రోజుకి పరుగు అయిపోయినట్టే.

రెండు మూడు నెలలు ఇవన్నీ సరిగా చేసినా తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఆలోచించవచ్చు. చాలామందికి ఉపశమనం ఇస్తుంది, కొందరికి కొన్ని నెలలే. పదేపదే చేయిస్తే అరికాలిలో మెత్తదనాన్నిచ్చే కొవ్వు పొర పలచబడుతుంది. పరిగెత్తేవారికి అది పెద్ద నష్టం. రేసు దగ్గర పడ్డాక నొప్పి తెలియకుండా ఉండాలని చేయించుకోవడం నేను ఒప్పుకోను. మీరు డోపింగ్ పరీక్షలుండే పోటీల్లో పాల్గొంటే ఇంకో సంగతి. 2022 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిబంధనల ప్రకారం పోటీ సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నిషేధం, పాదంలో చేసినా సరే. ఆపరేషన్ చివరి మార్గం. నరం తీసేస్తే ఆ రెండు వేళ్ల మధ్య స్పర్శ శాశ్వతంగా పోతుంది. కొందరిలో మిగిలిన నరం కొస మళ్లీ నొప్పి పెడుతుంది. మీరింకా ఆ దరిదాపుల్లో కూడా లేరు.

షూ విప్పినా మొద్దుబారడం పోకపోయినా, రెండో పాదంలోనూ మొదలైనా, పాదం పైకి ఎత్తడం కష్టమైనా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా అది ఎమర్జెన్సీ. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

రేసు గురించి ఇప్పుడే నిర్ణయం తీసుకోకండి. ఆరో వారం చివరికి కొత్త షూ, ప్యాడ్‌తో, ఏ మాత్రా లేకుండా 24-25 కిలోమీటర్లు షాక్ రాకుండా పూర్తి చేయగలిగితే ఫుల్ మారథాన్ లైన్ మీద నిలబడండి. 15 దగ్గరే మంట మొదలైతే హాఫ్‌కు మార్చుకోండి. పదికే వస్తుంటే ఈసారి వదిలేసి అల్ట్రాసౌండ్ రిపోర్ట్‌తో పాదాల స్పెషలిస్టును గానీ స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌ను గానీ కలవండి. వెళ్లేటప్పుడు రోజూ వాడే షూలు, పరుగు షూలు రెండూ సంచిలో వేసుకెళ్లండి.