సందేహాలు – సమాధానాలు: ఆర్ద్రతా, ఉక్కా ఒకటేనా?

ప్రశ్న: వార్తల్లో ‘ఆర్ద్రత 80 శాతం’ అంటారు. మా అమ్మ ‘ఉక్కపోత’ అంటుంది. ఆఫీసులో మేం ‘హ్యూమిడిటీ’ అంటాం. మూడూ ఒకటేనా? ఆర్ద్రత అంటే జాలి కదా, గాలికి జాలేమిటి? ఉక్కపోతా, ఉక్కబోతా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: గాలికి జాలే ఉంటే మే నెలలో బీచ్ రోడ్డు మీద మనల్ని అలా తడిపి ముద్ద చేస్తుందా అమ్మా! ఆర్ద్రం అంటే ముందు తడిసినది. మనసు తడిస్తే దయ. ఆ అర్థం తర్వాత వచ్చింది. సంస్కృతంలో అల్లం ఆర్ద్రకం, పచ్చిగా నీరు పట్టి ఉంటుంది గనక; ఎండితే శొంఠి. హిందీవాళ్ళ అద్రక్ ఈ ఆర్ద్రకమే. ఆర్ద్రా నక్షత్రం మన నోట ఆరుద్ర అయింది, ‘ర్ద్ర’ నోరు తిరగక నడుమ ఉకారం చొప్పించాం. జూన్ నాలుగో వారంలో సూర్యుడు ఆ నక్షత్రానికి వస్తే ఆరుద్ర కార్తె. తొలకరికి తడిసిన చేలో ఎర్రగా, మఖమల్ మెత్తన పాకేది ఆరుద్ర పురుగు. విశాఖలో పుట్టిన భాగవతుల సదాశివ శంకరశాస్త్రి గారి కలం పేరూ అదే. ఇంత వంశం ఉన్న మాటను తీసుకెళ్ళి శాతాల పక్కన కూలేశారు!

ఆ 80 శాతం గాలిలో నీటి పాలు కాదు. ఆ వేడిమికి గాలి పట్టగల ఆవిరిలో ఎంత ఉందన్న లెక్క. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలికి సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. అందుకే డిసెంబరు తెల్లవారుజామున తేమ 80 శాతం ఉన్నా దుప్పటి లాక్కుంటాం. మే రాత్రి అదే శాతానికి బనీను వీపుకి అంటుకుపోయి ఫ్యాను కిందే ఉడికిపోతాం. చెమట ఆరితేనే కదా ఒంటి వేడి దిగేది. అనంతపురంలో ఎండ మాడ్చేసినా చెమట ఇట్టే ఆరుతుంది. అక్కడ వడ, ఇక్కడ ఉక్క.

ఆర్ద్రత అన్నా, హ్యూమిడిటీ అన్నా గాలిలోని తేమే. తేమ గాలిది, ఉక్క ఒంటిది. టీవీలో ‘ఉక్కపోత 80 శాతంగా నమోదైంది’ అని చదివేస్తుంటారు. ఉక్కను కొలిచే మీటరు ఎక్కడ దొరికిందో! ‘హ్యూమిడ్‌గా ఉంది’ అనేవాళ్ళకు ‘ఉక్కగా ఉంది’లో ఏం లోటు కనబడిందో అదీ తెలీదు.

ఇక మీ చివరి ప్రశ్న. నేను ఉక్కపోత అనే రాస్తాను. ఉక్కబోత అనేవారూ బోలెడంతమంది. తప్పనడానికి నోరు రాదు.