జాగింగ్ మొదట్లోనే ఆయాసం, కాసేపటికి మామూలే.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 42. ఐటీ ఉద్యోగం. రెండు నెలలుగా జాగింగ్ చేస్తున్నా. మొదటి రెండు మూడు నిమిషాలు బాగా ఆయాసం వస్తుంది, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మళ్లీ మొదలు. ఆక్సీమీటర్‌లో 98 ఉంటోంది కానీ వాచీలో వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) 33 అని వస్తోంది. ఊపిరితిత్తుల్లో తేడా ఉందంటారా? మాస్కు పెట్టి చేసే టెస్టు చేయించుకోమంటారా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీరు రాసిన దాన్నిబట్టి ఊపిరితిత్తుల గురించి టెన్షన్ పడాల్సింది ఏమీ కనిపించడం లేదు. ఊరికే కూర్చున్నప్పుడు మన ఒళ్లు కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. జాగింగ్‌కి దానికి ఏడు రెట్ల దాకా కావాలి. కాళ్లు పరుగు అందుకున్న క్షణం నుంచే ఆ అవసరం ఉంటుంది గానీ, ఆక్సిజన్ వాడకం ఆ స్థాయికి చేరడానికి ఆరోగ్యవంతులకు కూడా రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఈలోపు లోటును కండరాల్లో నిల్వ ఉన్న శక్తితో నెట్టుకొస్తాం. మీ ఆయాసం ఆ కాసేపటిదే. ఫ్లైఓవర్ దగ్గర శ్రమ ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి కథ మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఎక్కేటప్పుడు మీ పరిమితి దాటి పరుగెడితే ఆక్సిజన్ వాడకం ఓ చోట నిలబడకుండా పెరుగుతూనే పోతుంది, అందుకే అక్కడ సర్దుకోదు.

ఆక్సీమీటర్ చెప్పేది రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నదే. కండరాలు ఎంత వాడుకుంటున్నాయో దానికి తెలియదు. రక్తహీనత ఉన్నా 98 చూపిస్తుంది! అందుకే ముందు ఓ సీబీపీ (రక్త పరీక్ష), ఈసీజీ చేయించండి. ఇక వాచీ, అది ఆక్సిజన్‌ని కొలవదు, గుండె వేగాన్నీ పరుగు వేగాన్నీ చూసి అంచనా కడుతుంది. బీపీకి గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ లాంటి మాత్ర వాడేవాళ్లకైతే ఆ అంచనా ఇంకా తప్పుతుంది.

మీరడిగిన టెస్టును సీపెట్ అంటారు. మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తూ, లోడు నిమిషానికి 10-20 వాట్ల చొప్పున పెంచుతారు, మామూలుగా 8-12 నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కో శ్వాసలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతో కొలుస్తారు. ఒంటి స్పందన ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే పద్ధతి వేరు: లోడు ఒకేసారి పెంచి ఆరేడు నిమిషాలు అలాగే ఉంచుతారు. ఆక్సిజన్ వాడకం పెరగాల్సిన దాంట్లో 63 శాతం పెరగడానికి మామూలు వాళ్లకు 30-40 సెకన్లు, బాగా సాధన చేసిన క్రీడాకారులకు 20 సెకన్ల లోపే పట్టొచ్చు. గుండె బలహీనపడినవాళ్లలో నిమిషం కూడా దాటవచ్చు. కారణం దొరకని ఆయాసానికి, ఊపిరితిత్తుల సర్జరీ ముందు ఈ టెస్టు బాగా పనికొస్తుంది. మీకు ఇప్పుడు అక్కర్లేదు, డబ్బు దండగ.

బయల్దేరగానే పరుగు తీయకుండా 8-10 నిమిషాలు చురుగ్గా నడవండి. ఫ్లైఓవర్ మీద మాట్లాడగలిగేంత వేగంలోనే వెళ్లండి. కొన్ని వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మొదట్లో వచ్చేది ఆయాసమేనా, ఛాతీ పట్టేసినట్టు, దవడ లేదా ఎడమ చెయ్యి లాగినట్టు కూడా ఉంటోందా? గుండె నొప్పి కూడా కొందరిలో నడిచేకొద్దీ తగ్గుతుంది, తగ్గింది కదా అని వదిలేస్తారు. అలా ఉన్నా, కళ్లు తిరిగినా, ఆయాసం రోజురోజుకీ పెరుగుతున్నా జాగింగ్ ఆపేసి వెంటనే కార్డియాలజిస్టును కలవండి.