ఐదు అవతారాలు కింద, ఐదు అవతారాలు పైన

గుంటూరు నుంచి ఒక సోదరి రాశారు: "దసరా సెలవులు ఇచ్చారు. బాబుకు పదేళ్లు, పాపకు ఏడు. లేచింది మొదలు ఫోను, లేకపోతే టీవీ. పెద్ద ఖర్చు లేకుండా దీపావళి దాకా పిల్లలతో ఆడించగల ఆటలు, చేసిపెట్టగల చిరుతిళ్లు నాలుగు చెప్పండి. మా బావగారి పిల్లలు ముగ్గురూ పై వాటాలోనే ఉంటారు కానీ రెండేళ్లుగా మా తోడికోడలికీ నాకూ మాటల్లేవు. అత్తగారు పోయాక సామాను పంచుకునేటప్పుడు 'పుట్టింటి నుంచి ఏం తెచ్చావని వాటా అడుగుతున్నావు' అంది. ఆఖరికి కొండపల్లి దశావతారాలు కూడా ఐదూ ఐదుగా పంచుకున్నాం. అప్పటి నుంచి ఇద్దరి ఇళ్లలోనూ బొమ్మల కొలువు లేదు. ముందు నేను పలకరిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదా. మావారూ బావగారూ మాత్రం మిర్చి యార్డులో కలిసే వ్యాపారం చేసుకుంటున్నారు. పై పిల్లలు ఆడుకుంటుంటే మా పాప మెట్ల మీద కూర్చుని వింటూ ఉంటుంది."

అమ్మా, మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఎక్కువసేపు పట్టదు. పచ్చి వేరుశనక్కాయలు ఉప్పు వేసి ఉడికించి గిన్నె మధ్యలో పెట్టండి, పిల్లలు ఒలుచుకుని తింటారు. సీతాఫలాల రోజులు కనుక దోర కాయలు కొని బియ్యం డబ్బాలో దాచండి, రోజూ చేయి పెట్టి మెత్తబడినవి వెతికి తీసే పని పాపకు అప్పగించండి. ఒక ఉదయం ఎండ ఎక్కకముందే ఉప్పలపాడు తీసుకువెళ్లండి. చెరువులోని చెట్ల మీద గూడబాతులనూ కొంగలనూ చూస్తూ బాబు ఫోను మరిచిపోతాడు. దీపావళి వెళ్లాక కార్తికంలో ఉసిరి చెట్టు ఉన్న తోట చూసుకుని వనభోజనానికి వెళ్లండి. ఇంతే. ఇవి మీకు తెలియనివని నేను అనుకోవడం లేదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది పాప కూర్చున్న ఆ మెట్టు. మీ పిల్లలకు ఆటలు తక్కువై కాదు, ఆడేవాళ్లు తక్కువై విసుగు పుడుతోంది. మన శరదృతువు పండగల్లో ఒంటరిగా ఆడే ఆట ఏదైనా ఉందేమో చూడండి. ఉయ్యాల ఊగాలంటే వెనక నుంచి ఊపేవాళ్లు ఉండాలి. గోరింటాకు పెట్టుకుంటే ఎవరి చేయి బాగా పండిందో చూపించుకోవడానికి ఇంకొక చేయి ఉండాలి. పప్పుబెల్లాల రుచి కూడా పక్కవాడి దోసిట్లో ఎన్ని పడ్డాయో చూసుకోవడంలోనే ఉంది. ఆ ముగ్గురూ పన్నెండు మెట్ల దూరంలో ఉండగా మీరు నన్ను ఆటలు అడుగుతున్నారు.

మీ తోడికోడలు అన్న మాట తప్పు. పెద్దకోడలి నోట రావలసిన మాట కాదు, అందులోనూ అత్తగారు పోయిన ఇంట్లో. దాన్ని దిగమింగమని నేను చెప్పను. పుట్టింటిని అన్న మాటను ఆడది మరిచిపోదు, మరిచిపోవాలని పక్కవాళ్లు చెప్పడం నాకు నచ్చదు. కానీ ఆ మాట అన్నది ఆమె, పడ్డది మీరు. మెట్ల మీద కూర్చున్నది మాత్రం పాప. మీ పౌరుషానికి ఖరీదు ఆ పిల్ల చెల్లిస్తోంది, ఇది నాకు బొత్తిగా సమ్మతం కాదు.

మగవాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. పొద్దంతా మిర్చి యార్డులో ఒకే కాటా దగ్గర నిలబడి, సాయంత్రం ఇంటికి రాగానే ఎవరి వాటాలోకి వాళ్లు వెళ్లిపోవడం వాళ్లకు సుఖంగానే ఉన్నట్టుంది. వాళ్లు కలుపుతారని ఎదురుచూడకండి. ఇది మీ ఇద్దరి మధ్య తెగింది, మీ ఇద్దరే ముడి వేసుకోవాలి.

ఆ దశావతారాల గురించి చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చేయీ కాలూ విడివిడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికించి బొమ్మగా నిలబెడతారు. అలా అతికిన బొమ్మలను మీ అత్తగారు ఏటేటా పాత చీర ముక్కల్లో చుట్టి దాచి ఉంటారు. వాటిని మీరు లెక్కపెట్టి విడదీశారు. మత్స్యం నుంచి వామనుడి దాకా ఒక అటక మీద, పరశురాముడి నుంచి కల్కి దాకా ఇంకొక అటక మీద.

నవరాత్రులు దాటకముందే మీ ఐదూ దించండి. దుమ్ము తుడవండి. మగవాళ్లు యార్డుకు వెళ్లాక పళ్లెంలో పెట్టుకుని మీరే పైకి వెళ్లండి. పిల్లలతో పంపకండి, పిల్లలను రాయబారానికి పంపడం కంటే పిరికితనం లేదు. "అక్కా, ఈ ఏడు కొలువు మీ ఇంట్లో పెడదాం, ఇవిగో మా ఐదూ" అనండి, అంతకు మించి ఆ రోజు ఏమీ వద్దు. పాత మాట తీయకండి. కొలువుకు మూడు మెట్లో ఐదు మెట్లో పిల్లలు ఐదుగురూ కట్టుకుంటారు. చెక్కపెట్టెలూ పుస్తకాల కట్టలూ పేర్చి పైన తెల్లదుప్పటి పరిచే పని బాబుకు ఇవ్వండి.

ఆ మాట సంగతి తర్వాత. పిల్లలు నిద్రపోయిన ఒక రాత్రి ఆమె ఎదురుగా కూర్చుని, "ఆ రోజు మీరన్నది నాకు ఇంకా గుచ్చుకుంటోంది అక్కా" అని సూటిగా చెప్పండి. క్షమాపణ అడగకండి, చెప్పి ఊరుకోండి. ముందు పలకరించినవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టు కాదు. తన బాధను తన నోటితో చెప్పుకోగలిగిన మనిషిని ఎవరూ చిన్నచూపు చూడలేరు.

ఆమె తలుపు దగ్గరే మొహం చిట్లిస్తే? బొమ్మలతో దిగి వచ్చి, మీ ఇంట్లోనే ఐదింటితో కొలువు పెట్టండి. మెట్ల కింద నిలబడి ఆ ముగ్గురినీ పేరు పేరునా పిలవండి. పులిహోర పోపు వాసన మెట్లెక్కితే పిల్లలు దిగుతారు, నాకు నమ్మకం ఉంది.

దసరా వెళ్లిన ఎనిమిది రోజులకు అట్లతద్ది వస్తుంది. నిరుడు వాయనం ఎవరికి ఇచ్చారో మీరు రాయలేదు, ఆమెకు మాత్రం ఇచ్చి ఉండరు. ఈసారి ఆ పదకొండు అట్లూ పైకే వెళ్లాలి. ముందు రోజు రాత్రి ఆడపిల్లలందరికీ ఒకే చోట గోరింటాకు పెట్టండి, తెల్లవారుజామున గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ వేసి సద్దన్నం ఒకే పంక్తిలో పెట్టండి. చీకటి విడకముందే వీధిలో కేకలు వేస్తూ తిరగనివ్వండి, ఆ ఒక్క పూటా అల్లరి చేస్తున్నారని కసరకండి. పిండికి బియ్యమూ మినప్పప్పూ నానబోసేటప్పుడు మీ ఇద్దరు పిల్లల లెక్క వేసుకోకండి, ఐదుగురికీ సరిపడా పోయండి.